34 ఏళ్ళు, టెస్టింగ్, మెకానికల్ బీటెక్: పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) ఏ దేశం? కన్సల్టెన్సీకి 2 లక్షలు కట్టాలా?

హోసూరురోడ్డు_శీను
అందరికీ నమస్తే. మాది మదనపల్లి దగ్గర పల్లె. బీటెక్ అయినప్పటి నుంచి బెంగళూరులోనే, ఇప్పుడు బొమ్మనహళ్ళిలో ఉంటున్నాం. నాకు 34, ఆటోమేషన్ టెస్టింగ్‌లో ఉన్నా. చదివింది మాత్రం మెకానికల్, జేఎన్‌టీయూ అనంతపురం. మా ఆవిడకు 30, కంప్యూటర్స్ ఎంటెక్, ఆరేళ్ళుగా డెవలపర్. పాపకు మూడేళ్ళు. పోయిన శనివారం ఒక ఇమ్మిగ్రేషన్ కన్సల్టెన్సీకి వెళ్ళాం. "మీ ప్రొఫైల్ చాలా బాగుంది సార్, కెనడా పీఆర్ గ్యారంటీ, మొత్తం రెండు లక్షలు, ఈ రోజే కడితే ఇరవై వేలు తగ్గిస్తాం" అన్నారు. నాకు ఎన్ని పాయింట్లు వస్తాయండీ అని అడిగితే, ఫైల్ ఓపెన్ చేశాక చెప్తాం అన్నారు. అక్కడే నాకు అనుమానం వచ్చింది. కట్టొచ్చా? అసలు మాలాంటి వాళ్ళకు ఏ దేశం మంచిది? ఇంట్లో రోజూ ఇదే టెన్షన్.

రవళి_బెళ్ళందూరు
శీను గారూ, ముందు డబ్బు కట్టకండి. పాయింట్లు తెలుసుకోవడానికి ఎవరి ఆఫీసుకూ పోనక్కర్లేదు, కెనడా ప్రభుత్వ సైట్లోనే కాలిక్యులేటర్ ఉంది. మీరిచ్చిన వివరాలతో నేనే వేసి చూశా. ఇద్దరికీ ఐఈఎల్‌టీఎస్ జనరల్ ఇంగ్లీషు పరీక్షలో సీఎల్‌బీ (కెనడా వాళ్ళ భాషా స్థాయి కొలత) 9 వస్తుందనుకుందాం, అంటే లిజనింగ్‌లో 8, మిగతా మూడింట్లో 7. మీరు ప్రధాన దరఖాస్తుదారు అయితే వయసుకు 75, బీటెక్‌కు 112, ఇంగ్లీషుకు 116, చదువునూ అనుభవాన్నీ ఇంగ్లీషుతో జోడించి ఇచ్చేవి 75, మీ ఆవిడ తరఫున 30, మొత్తం 408. అదే మీ ఆవిడను ప్రధాన దరఖాస్తుదారుగా పెట్టి మీరు భర్తగా చేరితే వయసుకు 95, ఎంటెక్‌కు 126, ఇంగ్లీషుకు అదే 116, జోడింపువి 100, మీ తరఫున 28, మొత్తం 465. అదే కుటుంబం, అవే సర్టిఫికెట్లు, 57 పాయింట్లు తేడా!

మన ఇళ్ళల్లో ఫైల్ అనగానే మగవాళ్ళ పేరు మీదే అని ముందే ఖాయం చేసుకుంటారు, కన్సల్టెన్సీవాళ్ళు కూడా ఎదురుగా కూర్చున్న మొగుడి వివరాలే రాసుకుంటారు, భార్యను ఒక్క మాట అడగరు. నేను ఇక్కడ ఎన్ని ప్రొఫైళ్ళు చూశానో, సగం మందికి ఈ ఒక్క మార్పుతోనే లెక్క మారిపోతుంది. కాబట్టి "ఏ దేశం" కంటే ముందు "ఎవరి పేరు మీద" అన్నది తేల్చుకోండి.

హోసూరురోడ్డు_శీను
రవళి గారూ, ఇది మాకు తట్టనే లేదు, చాలా థ్యాంక్స్. మా ఆవిడ పక్కనే కూర్చుని చదువుతోంది. మరి 465 ఉంటే పిలుపు వస్తుందా?

రవళి_బెళ్ళందూరు
ఉన్నదున్నట్టు చెప్తాను, 465తో సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఇప్పుడు కష్టం. 2015లో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ (ఈ పాయింట్ల వ్యవస్థ పేరు) మొదలైనప్పటి పద్ధతి వేరు, అప్పుడు స్కోరు ఉంటే చాలు. 2023 నుంచి కేటగిరీ రౌండ్లు, అంటే ఒక్కో రకం వాళ్ళను విడిగా పిలవడం, వచ్చాయి: ఫ్రెంచ్, వైద్యం, ట్రేడ్స్, ఇలా. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కేటగిరీ ఉంది కదా అనుకుంటారు, కానీ 2025 ఫిబ్రవరిలో మార్చిన జాబితాలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లనూ డెవలపర్లనూ తీసేశారు. సైబర్ సెక్యూరిటీ ఉంది, సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ ఇంజినీర్లు ఉన్నారు. (శీను గారూ, మీ మెకానికల్ పట్టా ఇక్కడ పనికిరాదు, వాళ్ళు చూసేది మీరు చేస్తున్న పనినే.) ఆఫర్ లెటర్ ఉంటే అదనంగా ఇచ్చే పాయింట్లు కూడా 2025 మార్చి 25 నుంచి లేవు, ఇంకా ఎవరైనా "ఆఫర్ లెటర్ ఇప్పిస్తాం, 50 పాయింట్లు వస్తాయి" అంటే వాళ్ళ దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

బయట దేశంలో కూర్చున్న మనకు నిజంగా తెరిచి ఉన్న తలుపులు రెండు. ఒకటి ప్రావిన్సు (అక్కడి రాష్ట్రం) నామినేషన్, అది వస్తే 600 కలుస్తాయి, కానీ ప్రావిన్సులు ఎక్కువగా అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న వాళ్ళనే ఎంచుకుంటున్నాయి. రెండోది ఫ్రెంచ్. నాలుగు విభాగాల్లోనూ ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచ్‌కి సీఎల్‌బీ లాంటిది) 7 తెచ్చుకుంటే ఆ కేటగిరీ రౌండ్లకు అర్హత వస్తుంది. 2025లో ఒక ఫ్రెంచ్ రౌండు 379కే పిలిచింది, ఆగస్టులో 481కి కూడా ఎక్కింది. మీ ఆవిడకు ఆ ఫ్రెంచ్ వస్తే స్కోరుకు ఇంకో 62 కలిసి 527 అవుతుంది. దానికి టెఫ్ కెనడా గానీ టీసీఎఫ్ కెనడా గానీ ఫ్రెంచ్ పరీక్ష రాయాలి. వసంతనగర్‌లో అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, అక్కడ మొదటి మెట్టు నుంచి నేర్పుతారు. ఉద్యోగం చేసుకుంటూ సున్నా నుంచి ఆ స్థాయికి రావడానికి ఏడాది పైనే పడుతుంది, మూడు నెలల్లో వచ్చేస్తుందని యూట్యూబ్‌లో చెప్పేవాళ్ళను నమ్మకండి.

కర్నూలోడు
ఇంత కష్టమెందుకు బ్రో, కంపెనీలో ఎల్1 వీసా మీదో హెచ్1బీ వీసా మీదో అమెరికా పోవచ్చు కదా. మనోళ్ళంతా అక్కడే ఉన్నారు, పండగలు పబ్బాలు అన్నీ జరుగుతాయి.

సిల్క్‌బోర్డు_సురేషన్న
పోవచ్చు తమ్ముడూ, పీఆర్ సంగతే వేరు. ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకూ మామూలుగా ఏడాదికి 7 శాతానికి మించి ఇవ్వరు. మనవాళ్ళ క్యూ ఎంతుందంటే ఈబీ2లో (పై చదువులు చదివినవాళ్ళ కేటగిరీ) 2013 ప్రాంతంలో వేసినవాళ్ళు 2025లో కూడా ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. పిల్లలకు 21 నిండితే తల్లిదండ్రుల ఫైల్ నుంచి జారిపోయే ప్రమాదం ఉంది. దానికి తోడు 2025 సెప్టెంబరులో బయటి దేశాల నుంచి కొత్తగా వేసే హెచ్1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు అన్నారు. పని చేసి నాలుగు డబ్బులు వెనకేసుకోవడానికి అమెరికా మంచిదే, కాదనను. శీను అడిగింది పీఆర్ గురించి, పైగా మూడేళ్ళ పాప ఉంది, ఆ లెక్కన అమెరికా పక్కన పెట్టాల్సిందే అని నా అభిప్రాయం.

లలిత_కేఆర్‌పురం
ఆస్ట్రేలియా ఎవరూ ఎత్తలేదేంటి? అక్కడ కూడా మీ ఆవిడ పేరు మీదే వేయండి శీను గారూ. మెకానికల్ చదివి ఐటీలో ఉన్నవాళ్ళను ఏసీఎస్ (ఐటీ వాళ్ళ అర్హతలు లెక్కగట్టే ఆస్ట్రేలియా సంస్థ) వాళ్ళు ఆర్‌పీఎల్ దారిలో, అంటే అనుభవాన్నే అర్హతగా లెక్కేసి, చూస్తారు, ఆరేళ్ళ అనుభవం అర్హత కిందే పోతుంది, పాయింట్లకు మిగిలేది తక్కువ. కంప్యూటర్స్ చదివి అదే పని చేసేవాళ్ళకు మామూలుగా రెండేళ్ళే కోస్తారు. ఆమెకు వయసుకు 30 (25 నుంచి 32 వరకు ఇదే, 33 నిండితే 25), చదువుకు 15, ఇంగ్లీషులో సుపీరియర్ (అన్నిటికంటే పై స్థాయి) వస్తే 20, రెండేళ్ళు కోశాక మిగిలే నాలుగేళ్ళకు 5, మీకు కాంపిటెంట్ (దానికంటే కింది స్థాయి) ఇంగ్లీషు ఉంటే 5. ఇది 75.

ఇక మనవాళ్ళు వదులుకోకూడనిది ఒకటుంది, NAATI (అక్కడి అనువాదకులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) వాళ్ళ సీసీఎల్ అనే భాషా పరీక్ష. తెలుగులో ఉంది! అక్కడ బతకడంలో ఎదురయ్యే సంభాషణలు రెండు వినిపిస్తారు, డాక్టరూ పేషంటూ, ఇంటి ఓనరూ అద్దెకున్నవాళ్ళూ, అలాంటివి. ఇంగ్లీషు ముక్కను తెలుగులో, తెలుగు ముక్కను ఇంగ్లీషులో చెప్పాలి. ఒక్కో సంభాషణకు 45 చొప్పున 90 మార్కులు, పాస్ కావాలంటే మొత్తం 63 రావాలి, ఏ ఒక్కదాంట్లోనూ 29కి తగ్గకూడదు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లోనే రాయొచ్చు. తెలుగు వచ్చు కదా అని ఊరికే వెళ్తే కుదరదు, నోట్సు రాసుకుంటూ వినడం అలవాటు కావాలి, అంకెలూ తేదీలూ మందుల పేర్లూ ఒక్కటి వదిలినా మార్కులు పోతాయి. పాసైతే 5 పాయింట్లు, 80 అవుతుంది.

189 వీసాకి (రాష్ట్రం పిలుపు అక్కర్లేని పీఆర్) కాగితం మీద 65 చాలు, ఐటీ వాళ్ళకు మాత్రం 90 దాటితే గానీ ఆశ పెట్టుకోలేం. కాబట్టి మీ దారి 190 లేదా 491 వీసా. 190కి రాష్ట్రం పిలిస్తే 5, 491కి 15 కలుస్తాయి. 491 ఐదేళ్ళ తాత్కాలిక వీసా, సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ వదిలి వేరే చోట ఉండాలి, మూడేళ్ళు అక్కడ సంపాదించి పన్ను లెక్కలు చూపిస్తే 191 కింద పీఆర్‌కి వేయొచ్చు. మారుమూల పల్లెటూరు అని భయపడకండి, పెర్త్, అడిలైడ్ కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

స్టుట్‌గార్ట్_మూర్తి
బొమ్మసంద్రలో చాలా ఏళ్ళు ఆటో కాంపోనెంట్స్‌లో చేసి ఇటొచ్చాను, జర్మనీ గురించి నా మాట కూడా వినండి. ఇక్కడ పాయింట్ల లాటరీ లేదు, ఉద్యోగం దొరకడమే అసలు పరీక్ష. ఆఫర్ చేతికొస్తే మిగతాది కాగితాల పని. బ్లూ కార్డుకు (నైపుణ్యం ఉన్నవాళ్ళకు ఉద్యోగం మీద ఇచ్చే నివాస అనుమతి) 2025లో ఏడాది జీతం కనీసం 48,300 యూరోలు, ఐటీ లాంటి కొరత ఉన్న పనులకు దాదాపు 43,760. ఈ అంకె ఏటా మారుతుంది, వేసే ఏడాదిది చూసుకోండి. అనాబిన్ అనే సైట్లో మీ యూనివర్సిటీ పక్కన హెచ్ ప్లస్ (గుర్తింపు ఉన్నట్టు) ఉందో లేదో చూసి ప్రింటు తీసి పెట్టుకోండి. శీను గారిలాగా డిగ్రీ ఒకటీ పని ఒకటీ అయినవాళ్ళకు కూడా 2023 నవంబరులో దారి తెరిచారు, గత ఏడేళ్ళలో మూడేళ్ళ ఐటీ అనుభవం ఉంటే ఆ అనుభవం మీదే బ్లూ కార్డు ఇస్తారు.

పీఆర్ విషయంలో నాకు తెలిసి ఇంత తొందరగా ఇచ్చేది తక్కువ. బ్లూ కార్డు మీద 27 నెలలు పనిచేసి ఏ1 (మొదటి మెట్టు) జర్మన్ ఉంటే చాలు, బీ1 (మధ్య స్థాయి) ఉంటే 21 నెలలే. భార్యకు ముందుగా జర్మన్ రావాలన్న షరతు లేదు, దిగిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు. అయినా ఇందిరానగర్‌లో జర్మన్ నేర్పే గోథే సంస్థలో ఇద్దరూ చేరండి, ఇక్కడ కిండర్‌గార్టెన్‌లో టీచరుతో మాట్లాడాలన్నా, ఇల్లు అద్దెకు అడగాలన్నా ఇంగ్లీషుతో నెట్టుకు రావడం చాలా కష్టం. మా ఇంట్లో అందరం దీనికి బాగా ఇబ్బంది పడ్డాం.

ఛాన్స్ కార్డు గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. 2024 జూన్ నుంచి ఉంది, ఉద్యోగం వెతుక్కోవడానికి ఏడాది ఇస్తారు, ఆ ఏడాది ఖర్చుకు నెలకు 1,091 యూరోల చొప్పున బ్లాక్డ్ అకౌంట్లో (ఒకేసారి తీయడానికి వీల్లేని ఖాతా) చూపించాలి (2025 లెక్క), వారానికి 20 గంటలు మాత్రమే పని. పెళ్ళికాని కుర్రాళ్ళకు సరే. పిల్లలున్నవాళ్ళు బెంగళూరులో ఉన్న ఉద్యోగం మానేసి దాని మీద రావడం నాకు నచ్చదు, అక్కడ కూర్చునే అప్లికేషన్లు పెట్టండి.

జయనగర్_సిస్టర్
నేను స్టాఫ్ నర్సుని, ఇక్కడంతా ఐటీ వాళ్ళే ఉన్నారు కాబట్టి మా వాళ్ళ కోసం ఒక మాట. జర్మనీకి నర్సులు వెళ్ళాలంటే భాష బీ1, బీ2 దాకా రావాలి, మన నర్సింగ్ చదువుకు అక్కడ గుర్తింపు తెచ్చుకోవాలి. తెలంగాణ వాళ్ళయితే టామ్‌కామ్ అని ప్రభుత్వ సంస్థే ఉంది, ముందు అక్కడ అడగండి. ప్రైవేటు రిక్రూటింగ్ ఏజెంట్ దగ్గరికి వెళ్తే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో రిజిస్టర్ అయ్యాడో లేదో చూడండి. అభ్యర్థి దగ్గర 30 వేలు, దాని మీద జీఎస్‌టీ, అంతకు మించి తీసుకోకూడదని రూలు ఉంది. మా హాస్టల్లో ఇద్దరమ్మాయిల దగ్గర ఒక ఏజెంట్ మూడు లక్షలు తీసుకుని ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా తన దగ్గరే పెట్టుకున్నాడు, వాటిని విడిపించుకోవడానికి పోలీస్ స్టేషన్ దాకా పోవాల్సొచ్చింది. దయచేసి ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకండి అక్కలూ. యూకే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ అమ్ముతామనే వాళ్ళు కూడా ఉన్నారు, అది అమ్మే వస్తువు కాదు. కేర్ వర్కర్లను బయటి నుంచి తీసుకోవడం 2025 జూలైలోనే ఆపేశారు.

మడివాళ_మిత్రుడు
యూకే పేరు వచ్చింది కాబట్టి, స్కిల్డ్ వర్కర్ వీసాకు 2025 జూలై 22 నుంచి జీతం కనీసం 41,700 పౌండ్లు. ఇప్పటిదాకా ఐదేళ్ళకు సెటిల్‌మెంట్ (అక్కడి పీఆర్) ఇచ్చేవాళ్ళు, దాన్ని పదేళ్ళకు పెంచాలని 2025 మే శ్వేతపత్రంలో పెట్టారు. పీఆర్ కోసమే అయితే నేను వెళ్ళను.

నా అసలు ప్రశ్న వేరే. నా రూమ్మేట్ మొదటి రెండేళ్ళు కన్సల్టెన్సీ పెట్టిన ఫేక్ ఎక్స్‌పీరియన్స్‌తో ఉద్యోగంలో చేరాడు, తర్వాత ఆరేళ్ళూ నిజమైనదే. ఇప్పుడు కెనడా ఫైల్లో ఆ రెండేళ్ళు చూపించాలా?

రవళి_బెళ్ళందూరు
చూపించకూడదు, అస్సలు. పట్టుబడితే తప్పుడు సమాచారం కింద ఐదేళ్ళు కెనడాకు దరఖాస్తు కూడా పెట్టనివ్వరు, ఆస్ట్రేలియాలో మూడేళ్ళు. ఫేక్ కంపెనీలకు పీఎఫ్ ఉండదు, ఫామ్ 16 ఉండదు, జీతం బ్యాంకులో పడిన ఆనవాలు ఉండదు, ఆఫీసరు ఫోన్ చేస్తే ఎత్తేవాడుండడు. పైగా పర్సనల్ హిస్టరీలో ఖాళీ లేకుండా పదేళ్ళు రాయాలి కదా, ఆ రెండేళ్ళు నిజంగా ఏం చేశాడో అదే రాయమనండి: ఖాళీగా ఉంటే ఖాళీగా ఉన్నానని, కోచింగ్ తీసుకుంటే కోచింగ్ అని. ఖాళీగా ఉండడం నేరం కాదు. అనుభవానికి పూర్తి పాయింట్లు మూడేళ్ళకే వచ్చేస్తాయి, అతనికి నిజమైనవే ఆరేళ్ళున్నాయి, ఆ అబద్ధంతో వచ్చే లాభం ఒక్క పాయింటు కూడా లేదు.

హోసూరురోడ్డు_శీను
అందరికీ చేతులెత్తి దండం. మేం ఇద్దరం కూర్చుని అన్నీ రాసుకున్నాం. ఇంకో రెండు విషయాలు. మా ఆవిడ కంపెనీ హెచ్‌ఆర్ వాళ్ళు చేసిన పని వివరాలతో లెటర్ ఇవ్వం, తేదీలూ హోదా మాత్రమే ఇస్తాం అంటున్నారు. రెండోది, నాన్నకు ఊళ్ళో నాలుగెకరాలుంది, దాన్ని కెనడా ఫైల్లో చూపాల్సిన డబ్బు కింద చూపించొచ్చా? అమ్మా నాన్నా ఇక్కడ ఒంటరిగా అయిపోతారేమో అన్నదే నా పెద్ద బెంగ.

లలిత_కేఆర్‌పురం
హెచ్‌ఆర్ లెటర్ దాదాపు అన్ని పెద్ద కంపెనీల్లోనూ అంతే. ఇలా చేయండి. హెచ్‌ఆర్ ఇచ్చే మూడు లైన్ల లెటర్ తీసుకోండి. దానికి తోడు ఆమె మేనేజర్ గానీ సీనియర్ గానీ ఈ-స్టాంపు పేపరు మీద అఫిడవిట్ ఇస్తే నోటరీ చేయించండి, అందులో ఆమె హోదా, తేదీలు, వారానికి గంటలు, చేసిన పనులు ఏడెనిమిది ఉండాలి, ఇచ్చేవాళ్ళ ఐడీ కార్డు కాపీ, ఫోన్ నంబరు జతచేయాలి. పనులు ఎన్‌ఓసీ (కెనడా ప్రభుత్వ ఉద్యోగాల వర్గీకరణ) సైటు నుంచి ఎత్తి పెట్టకండి, ఆమె ఏ మాడ్యూల్ రాసింది, ఏ డేటాబేస్ మీద చేసింది, ఎంతమంది టీమ్, అలా సొంత మాటల్లో రాయాలి. వెనక పేస్లిప్పులు, ఫామ్ 16, పీఎఫ్ పాస్‌బుక్.

ఇంకోటి, పేర్లు చూసుకోండి! మనవాళ్ళకు పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, డిగ్రీలో చివర, ఆధార్‌లో ముందర ఉంటుంది. పెళ్ళయ్యాక కొందరికి అదీ మారుతుంది. అన్నీ ఒక్కరివే అని ఒక అఫిడవిట్ ఇప్పుడే చేయించి పెట్టుకోండి.

సిల్క్‌బోర్డు_సురేషన్న
పొలం లెక్కలోకి రాదు శీనూ, అప్పు తెచ్చి అకౌంట్లో వేసినా ఒప్పుకోరు. బ్యాంకులో ఉన్న డబ్బు, ఆరు నెలల సగటు బ్యాలెన్సుతో బ్యాంకు లెటర్ కావాలి. 2025 జూలైలో ముగ్గురికి 23,360 కెనడా డాలర్లు అని పెట్టారు. నాన్న ఇస్తానంటే గిఫ్ట్ డీడ్ రాయించుకుని ముందుగానే అకౌంట్లో వేయించుకో.

ఆ నాలుగెకరాలు అమ్మొద్దని మాత్రం అన్నగా చెప్తున్నా. పీఆర్ వచ్చినా నీది ఇండియా పాస్‌పోర్టే. అక్కడి పౌరసత్వం తీసుకుంటే ఇక్కడిది పోతుంది, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు ఇచ్చే కార్డు) వస్తుంది. ఎన్నారై అయినా, ఓసీఐ అయినా వ్యవసాయ భూమి కొత్తగా కొనలేరు, వారసత్వంగా వచ్చింది మాత్రం ఉంచుకోవచ్చు. ఒకసారి అమ్మితే మళ్ళీ కొనుక్కునే దారి ఉండదు. అమ్మానాన్నలకు కెనడాలో సూపర్ వీసా ఉంది, ఒక్కసారి వస్తే ఐదేళ్ళ దాకా ఉండొచ్చు, లక్ష డాలర్ల మెడికల్ ఇన్సూరెన్సు, నీకు తగిన ఆదాయం ఉండాలి. వాళ్ళు ఆ చలికి, ఆ ఒంటరితనానికి ఉంటారా అన్నది వాళ్ళనే అడుగు, ఫైల్ వేసేముందే అడుగు. మా అమ్మను నేను అడగలేదు, మా చెల్లెలే అడిగింది, రానని అప్పుడే తేల్చి చెప్పింది, అందుకే నేను బెంగళూరులోనే ఉండిపోయా.

హోసూరురోడ్డు_శీను
అన్నా, ఈ ఆదివారం ఊరికెళ్ళి అడుగుతా. కన్సల్టెన్సీకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాం. ఫైల్ మా ఆవిడ పేరు మీదే. తను ఫ్రెంచ్‌లో చేరుతుంది, నేను జర్మనీ కంపెనీలకు అప్లికేషన్లు పెడుతూ ఉంటా. ఐఈఎల్‌టీఎస్ ఇద్దరం వచ్చే నెలే రాసేయమంటారా?

రవళి_బెళ్ళందూరు
తొందరపడకండి. ఐఈఎల్‌టీఎస్, టెఫ్ రెండూ రెండేళ్ళే చెల్లుతాయి. ఇప్పుడే రాసి, ఫ్రెంచ్ ఏడాదిన్నర పడితే మళ్ళీ ఫీజు కట్టి రాయాలి. వెస్ ఎవాల్యుయేషన్ (మన డిగ్రీ అక్కడ దేనికి సమానమో తేల్చే సర్టిఫికెట్) ఐదేళ్ళు చెల్లుతుంది, పైగా ట్రాన్స్‌క్రిప్టులు యూనివర్సిటీ నుంచే నేరుగా వెళ్ళాలి, అక్కడే ఎక్కువ ఆలస్యమవుతుంది కాబట్టి ముందు అది మొదలుపెట్టండి. ఫ్రెంచ్ బీ1 దాటాక ఐఈఎల్‌టీఎస్ బుక్ చేయండి. ఇన్విటేషన్ వచ్చాక అన్నీ అప్‌లోడ్ చేయడానికి 60 రోజులే ఇస్తారు, అఫిడవిట్లూ బ్యాంకు లెటరూ అప్పటికి సిద్ధంగా ఉండాలి. మీ ఆవిడకు పుట్టినరోజు వచ్చిన ప్రతిసారీ ఐదు పాయింట్లు పోతాయి, ఆ తేదీ ఎప్పుడో దాన్ని బట్టి క్లాసులు చూసుకోండి. ఆస్ట్రేలియాకు కూడా వేస్తామంటే లలిత గారిని అడిగి ఏసీఎస్ ఇదే సమయంలో పెట్టేయండి, ఆ అఫిడవిట్ కాపీలే అక్కడా పనికొస్తాయి.